అక్కతో తన్లిన్, చౌక్తాన్, బగో

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. తప్పులు ఉంటాయి. మా అక్క మనవరాలు చదివి కొన్ని దిద్దింది. అన్నీ దిద్దకు, నా తెలుగు నాలాగే ఉండనీ అన్నాను. ఊర్ల పేర్లు మేం ఇక్కడ పలికినట్టే రాశాను. మీ మ్యాపులో వేరేగా కనిపించవచ్చు.

2019 డిసెంబర్‌లో మా అక్క విశాఖపట్నం నుంచి యాంగోన్ వచ్చింది. అక్క అంటే నా తోడబుట్టినది కాదు, పెదనాన్న కూతురు. ఇంగ్లీషులో కజిన్ అని ఒక్క మాటతో దూరం పెట్టేస్తారు. తెలుగులో పెదనాన్న కూతురు కూడా అక్కే. ఈ భాషలో నాకు మొదట నచ్చిన విషయాల్లో ఇది ఒకటి.

అక్క ఇక్కడే పుట్టింది. 1964లో పెదనాన్న కుటుంబం ఓడ ఎక్కి వెళ్ళిపోయింది. అప్పుడు అక్కకి 14, నాకు 7. ఆ రోజుల్లో చాలా తెలుగువాళ్ళు అలాగే వెళ్ళారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అని ఒక పేటే ఉంది. మా నాన్న మాత్రం ఉండిపోయారు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. నేను ఇప్పుడు అడగడం మానేశాను.

నేను కాన్వెంట్‌లో చదివాను. 1965లో ఆ స్కూళ్ళన్నీ ప్రభుత్వం తీసుకుంది. ఆ తర్వాత క్లాసులో బర్మీ, ఇంట్లో నాన్న పక్కన కూర్చోబెట్టి ఇంగ్లీషు. ఉద్యోగం కూడా ఇంగ్లీషు కాగితాలతోనే. తెలుగు వంటింట్లో అమ్మతో మాట్లాడే భాష. దానికి అక్షరాలు ఉంటాయని తెలుసు, గుడి గోడ మీద చూసేదాన్ని, అంతే. పెద్ద బాలశిక్ష పట్టుకుని 'అ' దగ్గర మొదలు పెట్టింది 2014లో. అప్పటికి నాకు 57. ఎందుకు మొదలు పెట్టానో కింద చెప్తాను.

అక్కతో మనవరాలు వచ్చింది. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం, 23 ఏళ్ళు. నన్ను చిన్నమ్మమ్మా అంటుంది. మాట్లాడితే గలగలా తెలుగు, కానీ చదవమంటే మెల్లగా, నాకంటే కొంచెమే నయం. తనూ ఇంగ్లీషు మీడియమే. నేను పొగబండి, పొగవోడ అంటే నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ మాటలు ఇప్పుడు ఎవరూ అనరట. మా అమ్మ అనేది, నాకు అవే తెలుసు. మా ఇంట్లో తెలుగు పాత పెట్టెలో పెట్టిన చీరలాంటిది. మడతలు పోలేదు, ఫ్యాషన్ మాత్రం మారలేదు.

ముగ్గురం రెండు రోజులకి ఒక టొయోటా ప్రోబాక్స్ మాట్లాడుకున్నాం. యాంగోన్‌లో ఎటు చూసినా ఆ బండే. డ్రైవరు బర్మీ కుర్రాడు, నోట్లో ఎప్పుడూ తాంబూలం. ధనుర్మాసం కాబట్టి పొద్దున్నే గుడికి వెళ్ళి నా పని చేసి (నేను పూలు కడతాను, ప్రసాదం పొట్లాలు కడతాను) పులిహోర డబ్బాతో బయల్దేరాను. దారిలో మొహింగా తిన్నాం. చేపల పులుసులో బియ్యం సేమ్యా, అరటి దూట ముక్కలు. అక్క రెండు గిన్నెలు తిని, "మా పేటలో ఖౌస్వే దొరుకుతాది గాని, ఇది దొరకదు" అంది. ఆ తర్వాత పులిహోర ఎవరికీ అక్కర్లేకపోయింది.

కారులో ఎక్కగానే అక్క గట్టిగా అరిచింది. "ఏటిది, అటు పోతున్నాడు!" అక్క ఉన్న రోజుల్లో ఇక్కడ బళ్ళు ఎడమ పక్కన నడిచేవి. 1970 డిసెంబర్‌లో ఒక్కసారిగా కుడి పక్కకి మార్చారు. కానీ కార్లు ఎక్కువగా జపాన్ నుంచి వచ్చిన పాతవి, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. అంటే రోడ్డుకీ కుడి, డ్రైవరుకీ కుడి. ముందు లారీ ఉంటే డ్రైవరుకి ఎదుటి రోడ్డు కనిపించదు. ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చున్నవాళ్ళకే కనిపిస్తుంది. అక్కడ కూర్చున్నది మనవరాలు. రెండు రోజులు పాపం ఆ పిల్లే "ఆగండి, ఆగండి" అని తెలుగులో డ్రైవరుకి దారి చెప్పింది. అతనికి ఒక్క ముక్క రాదు, అయినా ఆగేవాడు.

ఇంకో సంగతి ఈ భాష నేర్చుకునేవాళ్ళ కోసం. మైలురాళ్ళ మీద బర్మీ అంకెలు చూసి మనవరాలు, "ఇవి తెలుగు అంకెల్లా ఉన్నాయే" అంది. నిజమే. ౧, ౨, ౩ పక్కన బర్మీ ఒకటి, రెండు, మూడు పెట్టి చూడండి, అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండు లిపులూ దక్షిణ భారతం పాత లిపుల నుంచి వచ్చినవే. గుండ్రాలు రాయడం చిన్నప్పుడే బర్మీలో అలవాటైంది కాబట్టి నా తెలుగు దస్తూరి అందంగా ఉంటుందని గుడిలో అంటారు. స్పెల్లింగు గురించి మాత్రం ఎవరూ ఏమీ అనరు.

తన్లిన్ యాంగోన్ ఎదురుగా, బగో నది అవతల ఉంది. బ్రిటిష్‌వాళ్ళు సిరియం అనేవారు. అక్క ఉన్నప్పుడు వంతెన లేదు, పడవలో దాటేవారు. వంతెన 1993లో వచ్చింది, మైలుకి పైనే పొడుగు, మధ్యలో రైలు కూడా పోతుంది. అక్క కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. ఈ నదులు కలిసే చోట ధమ్మజేదీ రాజు గంట మునిగి ఉందని ఇక్కడ అందరూ చెప్తారు. 15వ శతాబ్దంలో పోత పోసిన పెద్ద గంట. 1608లో డి బ్రిటో అనే పోర్చుగీసువాడు ష్వేడగోన్ నుంచి దించి, ఫిరంగులు చేద్దామని తెప్ప మీద తెస్తుంటే మునిగిపోయిందట. చాలామంది వెతికారు, దొరకలేదు. డి బ్రిటో సిరియం ఏలాడు, 1613లో బర్మా రాజు పట్టుకుని చంపించాడు. తన్లిన్‌లో ఎర్ర ఇటుకల పాత చర్చి గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. కానీ అవి డి బ్రిటో కాలానివి కావు, 18వ శతాబ్దానివి. గుట్ట మీద చైక్ ఖౌక్ పగోడా ముందు ఇద్దరు కవుల సమాధులు ఉన్నాయి, నత్షిన్నౌంగ్, పదేతయాజా. అవి చూశాం, ఫొటోలు తీసుకున్నాం. కానీ మేం వెళ్ళింది దానికి కాదు.

తన్లిన్‌లో బర్మా ఆయిల్ కంపెనీ రిఫైనరీ ఉండేది. దాంట్లో మనవాళ్ళు చాలామంది పని చేశారు. గోపాలపురం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో ఓడ ఎక్కితే రంగం. మా అమ్మ రంగూన్ అనేది కాదు, రంగం అనేది. బర్మీవాళ్ళు మనల్ని కోరంగి అన్నారు, కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీద. 1839 తుఫాను ఆ రేవుని తుడిచిపెట్టింది, పేరు మాత్రం ఇక్కడ మా నెత్తి మీద మిగిలింది. 1942 మార్చిలో జపాన్ సైన్యం వస్తుంటే బ్రిటిష్‌వాళ్ళు ఆ రిఫైనరీని వాళ్ళే పేల్చేసి వెళ్ళారు. యుద్ధం అయ్యాక మళ్ళీ కట్టారు. పెదనాన్న పని చేసింది అప్పుడు.

క్వార్టర్లు చూడాలని అక్క ఫోన్లో అడిగింది. లోపలికి పోనివ్వరు. బయట రోడ్డు మీద కారు మెల్లగా పోనిచ్చాం. అక్క ఏదీ గుర్తు పట్టలేదు. అప్పుడు నేను డ్రైవరుకి ఇంకో సందు చెప్పాను. ముందు వారమే నేను ఒక్కదాన్నే వచ్చి, ఇక్కడి తెలుగు మామ్మని ఒకామెని అడిగి చోటు తెలుసుకున్నాను. ఆమె సగం తెలుగు, సగం బర్మీ కలిపి, "మనోళ్ళ శ్మశానం అదే" అని ఒక పెద్ద గోడ చూపించింది. గోడ లోపల ఇప్పుడు గోడౌన్లు. గోడ పైనుంచి మూడు వేపచెట్లు కనిపిస్తాయి. మా నానమ్మని 1958లో పాతిపెట్టింది ఆ చోటే. పెదనాన్న అక్కడ ఒక వేపమొక్క నాటారు.

కాపలా మనిషి లోపలికి రానివ్వలేదు. మంచిగానే చెప్పాడు. వేపని బర్మీలో తమా అంటారు. "తమా చిగురు కావాలా, కోసి ఇస్తాను" అన్నాడు. ఇక్కడ ఆ చిగురు ఉడికించి తింటారు. మేం దాని కోసం వచ్చామనుకున్నాడు. అక్క చెప్పులు విప్పి రోడ్డు పక్కన మట్టిలో నిలబడింది. మూడు చెట్లనీ చూసింది. నాన్న నాటింది ఒక్కటే కదా అంది. మూడిట్లో ఒకటి కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. ఏదో ఒకటి చూపించి ఇదే అనుకుందాం అంటానేమో అని మనవరాలు నా వైపు చూసింది. నేను అనలేదు.

కారు ఎక్కాక అక్క అడిగింది, "వేపచెట్టు సంగతి నీకెలా తెలుసు?"

"నువ్వే ఉత్తరాల్లో రాశావు కదా అక్కా."

అక్క కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే అందాయన్నమాట" అంది.

నాకు నోట మాట రాలేదు. ఈ మాట మా అమ్మది. నోట్లోంచి మాట రాకపోవడం అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది.

అక్కడి నుంచి చౌక్తాన్ వెళ్ళాం. ఏటి మధ్యలో చిన్న లంక మీద యేలే పగోడా ఉంటుంది. లంకకి పడవలో వెళ్ళాలి. ఇక్కడివాళ్ళకి ఒక పడవ, విదేశీయులకి వేరే పడవ, వేరే ధర. అక్క చేతిలో ఇండియా పాస్‌పోర్టు. తన్లిన్‌లో పుట్టిన మనిషి విదేశీయుల పడవలో కూర్చుంది, పక్కన మనవరాలు. నేను ఆడవాళ్ళు, గంపలు, పిల్లలతో కిక్కిరిసిన పడవలో. రెండు పడవలూ పక్కపక్కనే పోయాయి. మామూలుగా అయితే అక్క చెయ్యి ఊపి ఏదో ఒక జోకు వేసేది. ఆ రోజు నీళ్ళ వైపే చూసింది. లంక దగ్గర చేపలకి మేత వేస్తారు, పెద్ద పెద్ద మీసాల చేపలు, ఒకదాని మీద ఒకటి పడతాయి. నేను వాటిని క్యాట్‌ఫిష్ అంటుంటే అక్క, "జెల్లలు" అంది. ఆ పూట నాతో అన్న మాట అదొక్కటే. నోట్‌బుక్కులో రాసుకున్నాను.

రెండో రోజు బగో. 50 మైళ్ళు. దారిలో తౌక్చాన్ దగ్గర యుద్ధ సమాధుల తోట ఉంది. 6,000 పైన సమాధులు. మధ్యలో రాతి స్తంభాల మీద, శవం దొరకని సుమారు 27,000 మంది సైనికుల పేర్లు. చాలా పేర్లు ఇండియా వాళ్ళవే. అక్కడ స్మారక వాక్యం ఇంగ్లీషు, బర్మీ, హిందీ, ఉర్దూ, గురుముఖిలో ఉంది, తెలుగు లేదు. నేను వేలు పెట్టి అప్పన్న, రామయ్య లాంటి పేర్ల కోసం వెతికాను. మద్రాసు పటాలం పేర్ల దగ్గర ఒకటి రెండు మనవాళ్ళవే అనిపించాయి. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు చూస్తే ఎవరిదో ఎలా చెప్పగలం? మా నాన్న పేరే ఆఫీసు కాగితాల్లో మూడు రకాలుగా ఉండేది.

బగో పాత పేరు హంసవతి. బర్మీవాళ్ళు హంథావడీ అంటారు, కానీ లోపల ఉన్నది మన హంసే. సముద్రం మధ్య ఇంత నేల తేలితే రెండు హంసలు వచ్చి వాలాయట. చోటు చాలక ఆడహంస మగహంస వీపు మీద నిలబడిందట. హింతాగోన్ గుట్ట మీద ఆ జంట బొమ్మ ఉంది. అందుకే బగో ఆడవాళ్ళు మొగుళ్ళ నెత్తిన ఎక్కుతారని ఇక్కడ ఒక జోకు. అక్కకి చెప్తే నవ్వింది. నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు.

ష్వేమోడో పగోడా 374 అడుగులు, ష్వేడగోన్ కంటే ఎత్తు. 1917 భూకంపంలో పై భాగం విరిగి పడింది. ఆ ఇటుకల ముద్ద, ఇల్లంత ఉంటుంది, ఇంకా మూల అలాగే ఆనుకుని ఉంది. 1930 మే 5న మళ్ళీ పెద్ద భూకంపం, పగోడా కూలిపోయింది. ఇప్పుడున్నది 1954కి పూర్తయింది. అదే 1930 మే నెల 26న రంగూన్ రేవులో గొడవ మొదలైంది. తెలుగు కూలీలు సమ్మె చేస్తే బదులు బర్మీవాళ్ళని పెట్టారు. సమ్మె అయిపోయి మనవాళ్ళు తిరిగి రాగానే వాళ్ళని పొమ్మన్నారు. కొట్లాట ఊరంతా పాకింది, వంద మందికి పైగా చచ్చిపోయారు. మా తాత రేవులో కూలీ. ఆ నెల ముందు నేల కదిలింది, తర్వాత మనుషులు కదిలారు అని నానమ్మ చెప్పేదట. ఈ మాట నాకు తెలియదు. ఆ ఇటుకల ముద్ద ముందు నిలబడి అక్క చెప్పింది. నానమ్మ పోయినప్పుడు నాకు ఏడాది కదా.

మధ్యాహ్నం ష్వేతల్యాంగ్ బుద్ధుడి దగ్గరికి వెళ్ళాం. పడుకున్న బుద్ధుడు, 180 అడుగులు. ఊరు నాశనమయ్యాక అడవి కమ్మేసి అందరూ మర్చిపోయారు. 1880 ప్రాంతంలో రైలు దారి పనుల్లో తవ్వుతుంటే బయట పడింది. అంత పెద్ద విగ్రహాన్ని ఎలా మర్చిపోతారు అని మనవరాలు అడిగింది. పక్కనే చావడి ఉంది. నేను సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీశాను.

డబ్బాలో ఏడు ఉత్తరాలు. 1991 నుంచి 1998 దాకా అక్క రాసినవి. నాన్నకి తెలుగు చదవడం వచ్చు, 1988లో పోయారు. తర్వాత పక్కింటి మేస్త్రి తాత చదివి పెట్టేవాడు, ఆయనా పోయాడు. అమ్మకి అక్షరం రాదు. పోస్టు వస్తే కళ్ళకి అద్దుకుని డబ్బాలో పెట్టేది. అమ్మ పోయాక 2014లో డబ్బా నా చేతికి వచ్చింది. పెద్ద బాలశిక్ష అప్పుడే కొన్నాను. నాలుగేళ్ళు పట్టింది. అక్క గొలుసుకట్టుగా రాస్తుంది, అచ్చు అక్షరాలు నేర్చుకున్న నాకు అది ఇంకో భాష. 2018లో ఏడూ చదివాను. ప్రతి ఉత్తరంలో అదే ప్రశ్న. నానమ్మ దగ్గర వేపచెట్టు ఉందా?

2016లో మనవరాలు ఫేస్‌బుక్‌లో మమ్మల్ని వెతికి పట్టుకుంది. అప్పటి నుంచి అక్కతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. ఈ సంగతి చెప్పలేదు. చావడిలో చెప్పాను.

అక్క డబ్బా వైపు చూస్తూ, "ఊళ్ళో చదివేవాళ్ళే లేరా?" అంది.

ఉన్నారు. మా గుడిలోనే నలుగురున్నారు. ఆ ఏళ్ళన్నీ నేను వాళ్ళ పక్కనే కూర్చుని పూలు కట్టాను. ఆఫీసులో పెద్ద ఇంగ్లీషు మాట్లాడే నేను సొంత భాషలో వచ్చిన ఉత్తరం పట్టుకుని చదివి పెట్టండి అని అడగాలంటే సిగ్గు. అంతే. వేరే కారణం లేదు. అదే చెప్పాను.

"ఇరవై ఏళ్ళు మిమ్మల్ని తిట్టుకున్నాను" అంది అక్క. "మీ నాన్న పోయాక మాతో తెగతెంపులు చేసుకున్నారనుకున్నాను." కాసేపాగి, "చదువు" అంది.

"అక్కా, నా చదువు..."

"చదవవే."

చదివాను. వేలు పెట్టి, ఒక్కో మాట. 'క్షేమం' నేను పలికిన తీరుకి మనవరాలు దగ్గింది. వత్తులు దాటేసినప్పుడు అక్క సరి చేసింది. తన పెళ్ళైన కూతురి గురించి, బియ్యం ధర గురించి, పెదనాన్న కళ్ళ ఆపరేషన్ గురించి. తర్వాత పెదనాన్న పోయిన ఉత్తరం. ఆ కబురు మా ఇంటికి వచ్చి డబ్బాలో పడుకుంది. మేం మైల పట్టలేదు, స్నానం చెయ్యలేదు. అమ్మ ఆ వారం మామూలుగా వండుకుని తినే ఉంటుంది. అది చదివేటప్పుడు ఎవరూ దిద్దలేదు.

ఏడోది తీసి ఆగిపోయాను. అది చిన్నది, కోపంగా రాసింది. అక్క నా చేతిలోంచి లాక్కోలేదు. "చదువు, నేను రాసిందే కదా" అంది. చదివాను. ఇక రాయను అని ఉంది చివర్లో.

తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడింది. మనవరాలు ముందు సీట్లో నిద్రపోయింది, డ్రైవరు ఏ లారీనీ దాటకుండా మెల్లగా వచ్చాడు.

మర్నాడు అక్క నా దగ్గర కాగితం పెట్టి, "జవాబు రాయి" అంది. ఎదురుగా కూర్చున్నావు కదా, నోటితో చెప్తాను అన్నాను. ఒప్పుకోలేదు. రాయాలి, పోస్టులో వెయ్యాలి, విశాఖపట్నంలో తన ఇంటికి రావాలి. సరే అని మొదటి లైను రాశాను: "అక్కకి, గోడ లోపల వేపచెట్లు మూడు ఉన్నాయి." 'చెట్లు' దగ్గర ల వత్తు మర్చిపోయి 'చెటు' అని రాశానట. మనవరాలు వెనక నుంచి చూసి చెప్పింది. అక్క మాత్రం, దిద్దకు, అలాగే ఉండనీ అంది.